తెర నల్లగా ఉందా? ఫార్మాట్ కొట్టించే ముందు చూడాల్సినవి

కంప్యూటర్ ఆన్ అయింది, ఫ్యాన్ తిరుగుతోంది, తెర మీద మాత్రం ఏమీ లేదు. షాపుకి తీసుకెళ్తే చాలాచోట్ల మొదటి మాట ‘ఫార్మాట్ చేయాలి’ అనే ఉంటుంది. తొందరపడొద్దు. ముందు తెర ఎప్పుడు నల్లబడిందో గమనించండి. మదర్‌బోర్డు కంపెనీ లోగో కూడా రాకపోతే పని ఇంకా విండోస్ దాకా వెళ్లనే లేదు. అప్పుడు ఫార్మాట్ చేసినా ఉపయోగం లేదు. లోగో వచ్చి ఆ తర్వాత నల్లబడితే అనుమానం విండోస్ మీదికి, డిస్‌ప్లే డ్రైవర్ (తెర మీద బొమ్మ రప్పించే ప్రోగ్రామ్) మీదికి మళ్లాలి.

లోగో రాని కేసులో మొదట కేబుల్ చూడండి. విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉంటే హెచ్‌డీఎంఐ వైరు ఆ కార్డుకే పెట్టాలి, మదర్‌బోర్డుకి కాదు. మానిటర్‌లో ఇన్‌పుట్ కూడా సరిగ్గా ఎంచుకుని ఉండాలి.

తర్వాత ర్యామ్. మన దక్షిణ ఒడిశాలో బరంపురం, గోపాలపూర్ వైపు ఉప్పుగాలి, రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు వానాకాలం చెమ్మ. ఈ రెండింటికీ ర్యామ్ కాంటాక్టులు మసకబారి పట్టు తప్పుతాయి. అందుకే ఈ ప్రాంతంలో వేరే ఏదీ విప్పకముందే ర్యామ్ తీసి చూడటం మంచిది. ప్లగ్గు పీకేయండి. పవర్ బటన్‌ని 15 సెకన్లు నొక్కి పట్టుకుంటే లోపల మిగిలిన కరెంటు పోతుంది. క్యాబినెట్ ఇనుప భాగాన్ని ఒకసారి ముట్టుకుని, క్లిప్పులు వెనక్కి నొక్కి ర్యామ్ తీయండి. బంగారు రంగు కాంటాక్టుల్ని పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి మెత్తటి బ్రష్‌తో దులపండి. నోటితో మాత్రం ఊదొద్దు, తుంపర్లు పడితే మళ్లీ చెమ్మే. క్లిప్పు టక్కుమనేదాకా నొక్కి బిగించండి. రెండు ర్యామ్‌లుంటే ఒక్కొక్కటే పెట్టి చూడండి. నాలుగు స్లాట్లున్న బోర్డుల్లో ఒక్క ర్యామ్‌కి సాధారణంగా ప్రాసెసర్ నుంచి రెండో స్లాటు సరైనది. డీడీఆర్5 (కొత్త తరం ర్యామ్) అయితే ర్యామ్ మార్చాక మొదటిసారి కొన్ని నిమిషాలు నల్లగానే ఉండొచ్చు, మధ్యలో ఆపేయకండి.

అయినా రాకపోతే ప్లగ్గు తీసి ఉండగానే మదర్‌బోర్డు మీదుండే బిళ్లలాంటి సీఆర్2032 బ్యాటరీని ఐదు నిమిషాలు బయటికి తీసి మళ్లీ పెట్టండి. బయాస్ (విండోస్ కంటే ముందే నడిచే మదర్‌బోర్డు ప్రోగ్రామ్) సెట్టింగులు మొదటికి వస్తాయి.

ఇక లోగో వచ్చాక నల్లబడే రకం. విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగూ కలిపి నొక్కితే డిస్‌ప్లే డ్రైవర్ మళ్లీ మొదలవుతుంది. మౌస్ బాణం ఒక్కటే కనబడుతుంటే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ నొక్కి టాస్క్ మేనేజర్ తెరవండి. కొత్త టాస్క్‌లో ఎక్స్‌ప్లోరర్ (explorer) అని టైపు చేస్తే డెస్క్‌టాప్ తిరిగి రావచ్చు.

ఏదీ పనిచేయకపోతే విండోస్ లోడవుతున్నప్పుడు పవర్ బటన్ నొక్కి పట్టుకుని ఆపేయండి. ఇలా వరుసగా రెండు మూడుసార్లు చేస్తే రిపేర్ తెర దానంతటదే వస్తుంది. అందులో ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్, రీస్టార్ట్, ఆపైన 4 అంకె. అదే సేఫ్ మోడ్, అంటే అత్యవసరమైన డ్రైవర్లతోనే విండోస్ నడవడం. బిట్‌లాకర్ (డిస్కుకి విండోస్ వేసే తాళం) ఉంటే 48 అంకెల కీ అడగొచ్చు. చాలామందికి అది మైక్రోసాఫ్ట్ ఖాతాలో దొరుకుతుంది. సేఫ్ మోడ్‌లో తెర బాగానే వస్తే అనుమానం డ్రైవర్ మీదే ఎక్కువ. డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్స్ కింద రోల్‌బ్యాక్ నొక్కండి, ఆ బటన్ మసకగా ఉంటే అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ కొట్టండి. నిన్నగాక మొన్న అప్‌డేట్ పడ్డాకే మొదలైతే, అదే అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో అప్‌డేట్ తీసేసే వీలుంది.

విండోస్ బదులు ఉబుంటు (లైనక్స్ రకం ఉచిత సిస్టమ్) వాడేవాళ్లు గ్రబ్ మెనూలో, అంటే ఉబుంటు మొదలయ్యే ముందు వచ్చే ఎంపికల తెరలో ఇ (e) నొక్కి, లైనక్స్ అని మొదలయ్యే వరుస చివర నోమోడ్‌సెట్ (nomodeset) చేర్చి ఎఫ్10 నొక్కండి. అది ఆ ఒక్కసారికే పనిచేస్తుంది, డ్రైవర్ సరిచేసుకోవడానికి చాలు.

ఇన్ని చేసినా తేలకపోతే 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో ఉబుంటు ఎక్కించి, ఇన్‌స్టాల్ చేయకుండా ‘ట్రై’ ఎంచుకుని నడిపి చూడండి. తెర వచ్చిందంటే మీ ఫైళ్లన్నీ వేరే డిస్కులోకి కాపీ చేసుకున్నాకే ఫార్మాట్ మాట ఎత్తండి. అక్కడా నలుపే అయితే షాపువాడిని గ్రాఫిక్స్ కార్డు, ఎస్ఎంపీఎస్ (కరెంటు సరఫరా చేసే పెట్టె) చూడమనండి.