తొలి సైకిలు – మూడవ పాఠం: కాలి కొలత, ఫ్రేము కొలత

గత పాఠంలో ఏ అవసరానికి ఏ రకం సైకిలు తగినదో తేల్చుకున్నాం. రకం తేలిన తరువాత దుకాణంలో మొట్టమొదట ఎదురయ్యే ప్రశ్న "ఇరవయ్యారు ఇవ్వమంటారా, ఇరవైతొమ్మిదా?" అన్నది. ఈ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పి డబ్బు కట్టేయడం వల్లనే చాలామంది తమకు సరిపడని సైకిలును ఇంటికి తెచ్చుకుంటారు. ఆ అంకె చక్రానిది, ఫ్రేముది కాదు.

టైరు పక్క అంచున 47-559 వంటి గుర్తు ఒకటి అచ్చువేసి ఉంటుంది. అందులో మొదటి అంకె టైరు వెడల్పు, రెండవది రిమ్ము మీద టైరు కూర్చునే చోటి వ్యాసం, రెండూ మిల్లీమీటర్లలోనే. 26 అంగుళాల మౌంటెన్ బైక్ చక్రానికి ఈ వ్యాసం 559, 27.5 అంగుళాల దానికి 584. పేర్లు వేరైనా 29 అంగుళాల దానికీ, రోడ్డు సైకిళ్లకు వాడే 700సీ అనే చక్రానికీ ఒకటే 622. మన పాత నల్ల సైకిళ్ల 28 అంగుళాల చక్రానికి 635. టైరో ట్యూబో కొనేటప్పుడు ఈ అంకెలు అక్కరకు వస్తాయి గాని, సైకిలు మీ ఒంటికి సరిపోతుందా లేదా అన్నది వీటిలో ఉండదు. అవే 26 అంగుళాల చక్రాల మీద 14 అంగుళాల ఫ్రేమూ ఉండవచ్చు, 20 అంగుళాల ఫ్రేమూ ఉండవచ్చు.

ఫ్రేము కొలత అంటే పెడళ్లు తిరిగే ఇరుసు మధ్య నుంచి, సీటు కడ్డీ దిగే గొట్టం పై అంచు వరకు ఉన్న పొడవు. కొన్ని కంపెనీలు పై అంచు వరకు కాక, అడ్డంగా వచ్చే పై కడ్డీ ఆ గొట్టాన్ని కలిసే చోటి మధ్య వరకే కొలుస్తాయి. అందువల్ల ఒకే ఫ్రేముకు రెండు కొలతల మధ్య ఒకటి రెండు సెంటీమీటర్ల తేడా రావచ్చు. రోడ్డు సైకిళ్లకు ఈ కొలతను సెంటీమీటర్లలోను, మౌంటెన్ బైకులకు అంగుళాలలోను చెప్పడం వాడుక.

ఇక మీ కొలత. మీ ఎత్తు కన్నా కాలి లోపలి పొడవు ముఖ్యం, ఎందుకంటే ఒకే ఎత్తున్న ఇద్దరిలో ఒకరికి కాళ్లు పొడవుగాను, మరొకరికి నడుము పై భాగం పొడవుగాను ఉండవచ్చు. చెప్పులు విడిచి, గోడకు వీపు ఆనించి, పాదాల మధ్య జానెడు ఎడం ఉంచి నిలబడండి. గట్టి అట్ట ఉన్న పుస్తకాన్ని కాళ్ల మధ్య పెట్టి, దాని వెన్ను గోడకు ఆనేటట్లు, సీటు మీద కూర్చుంటే ఎంత ఒత్తిడి ఉంటుందో అంత ఒత్తిడితో పైకి జరపండి. పుస్తకం పై అంచు దగ్గర ఇంట్లోవారి చేత గోడ మీద గీత పెట్టించి, నేల నుంచి గీత వరకు కొలవండి. బిడియపడి పుస్తకాన్ని వదులుగా పట్టుకుంటే కొలత తక్కువ వస్తుంది కనుక మరోసారి కొలిచి సరిచూసుకోవడం మంచిది.

ఈ కొలత 80 సెంటీమీటర్లు వచ్చిందనుకుందాం. పై కడ్డీ నేలకు సమాంతరంగా ఉండే రోడ్డు సైకిలుకైతే, అమెరికన్ రేసర్ గ్రెగ్ లెమాండ్ పేరు మీద ప్రచారమైన లెక్క ప్రకారం దీనిని 0.65తో గుణించాలి: 52 సెంటీమీటర్లు. ఇది కడ్డీ మధ్య వరకు కొలిచే పద్ధతికి సంబంధించినదని గుర్తుంచుకోండి. మౌంటెన్ బైకుకు సెంటీమీటర్లలో ఉన్న కాలి కొలతను 0.225తో గుణిస్తే నేరుగా అంగుళాలలో ఫ్రేము కొలత సుమారుగా వస్తుంది: 18. ఈ లెక్కలు ఏ ఫ్రేమును అడగాలో చెబుతాయి; నిర్ణయం మాత్రం సైకిలుకు అటొక కాలు ఇటొక కాలు వేసి నిలబడిన తరువాతనే జరగాలి. సీటుకు ముందు నిలబడి రెండు పాదాలూ నేల మీద పూర్తిగా ఆనించినప్పుడు, పై కడ్డీకీ మీ శరీరానికీ మధ్య రోడ్డు సైకిలుకు కనీసం రెండున్నర సెంటీమీటర్లు, మౌంటెన్ బైకుకు కనీసం ఐదు సెంటీమీటర్లు ఖాళీ ఉండాలి. హఠాత్తుగా బ్రేకు వేసి సీటు మీది నుంచి ముందుకు దిగవలసి వచ్చినప్పుడు ఈ ఖాళీ విలువ తెలుస్తుంది.

పాల క్యాన్లు మోసే నల్ల సైకిలుకు ఇదే లెక్క వేసి చూడండి. దాని 22 అంగుళాల ఫ్రేము అంటే దాదాపు 56 సెంటీమీటర్లు. పెడళ్ల ఇరుసు నేలకు సుమారు 30 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది. సీటు గొట్టం వెనక్కి వాలి ఉండటం వల్ల నాలుగైదు సెంటీమీటర్లు తగ్గించినా, పై కడ్డీ 80 సెంటీమీటర్లు దాటుతుంది. మన ఉదాహరణలోని మనిషికి అక్కడ ఖాళీ అన్నదే మిగలదు. 24 అంగుళాల ఫ్రేమైతే చెప్పనక్కరలేదు. నాన్నగారి సైకిలు మీద నేర్చుకున్న పిల్లలు కడ్డీ కింది నుంచి కాలు దూర్చి, సగం సగం పెడలు తొక్కుతూ ఊరంతా తిరగడానికి కారణం ఈ అంకెలలోనే ఉంది. అది వారి చాకచక్యమే, కాని కొత్త సైకిలు కొనేవారు అనుసరించవలసిన పద్ధతి కాదు.

నేటి ఫ్రేములలో పై కడ్డీ వెనక్కి దిగుతూ ఉంటుంది. 1990ల చివర జెయింట్ కంపెనీ కోసం మైక్ బరోస్ రూపొందించిన టీసీఆర్ అనే మోడలు తరువాత రోడ్డు సైకిళ్లలో కూడా ఈ తీరు స్థిరపడింది. దీనివల్ల కాళ్ల మధ్య ఖాళీ సులభంగా దొరుకుతుంది. అయితే ఖాళీ దొరికినంత మాత్రాన ఫ్రేము సరిపోయినట్లు కాదు. స్మాల్, మీడియం, లార్జ్ అనే గుర్తులు కంపెనీకీ కంపెనీకీ మారుతాయి కనుక, సీటు నుంచి హ్యాండిలు వరకు ఉన్న దూరాన్ని విడిగా చూడాలి. కూర్చొని హ్యాండిలు పట్టుకున్నప్పుడు మోచేతులు కొద్దిగా వంగి ఉండాలి. చేతులు బిగుసుకొని భుజాలు ముందుకు లాగినట్లుంటే ఫ్రేము పొడవు ఎక్కువ. మలుపు తిప్పేటప్పుడు మోకాలు హ్యాండిలుకు తగిలితే తక్కువ. పై కడ్డీ బాగా కిందికి ఉండే లేడీస్ సైకిలుకు నిలబడి చూసే పరీక్ష వర్తించదు కనుక, అక్కడ ఈ దూరమే ప్రధానం.

రెండు కొలతల మధ్య పడినవారు చిన్నదానినే ఎంచుకోవాలని నా అభిప్రాయం. సీటును పైకి లేపవచ్చు, హ్యాండిలును పట్టి ఉంచే స్టెమ్మును కొంత పొడవైనదానితో మార్చవచ్చు. పెద్ద ఫ్రేమును కోసి చిన్నది చేయలేం. సీటు కడ్డీ మీద ఇంతకు మించి పైకి లాగరాదని తెలిపే గీత ఉంటుంది. ఆ గీత బయటికి కనిపించేంత ఎత్తు కావలసి వస్తే మాత్రం ఆ ఫ్రేము మీకు నిజంగానే చిన్నది. తక్కువ ధర మోడళ్లు చాలావరకు ఒకే ఫ్రేము కొలతలో వస్తాయి. అది మీకు నప్పకపోతే ఎంత తగ్గింపు ఇచ్చినా ఆ మోడలును వదలి మరొకటి చూడండి. "ఎదిగే పిల్లాడు, పెద్దది తీసుకోండి" అన్న సలహాను సున్నితంగా తోసిపుచ్చండి. అప్పుడే నేర్చుకునే పిల్లలకు సీటు మీద కూర్చుంటే రెండు పాదాలూ నేలకు ఆనాలి. వారు ఎదిగే కొద్దీ సీటు లేపుకుంటూ పోవచ్చు.

అభ్యాసం: కాలి కొలత, దానిని 0.65తో గుణించగా వచ్చినది, 0.883తో గుణించగా వచ్చినది, ఈ మూడూ రాసి ఉంచుకోండి. చివరిది ఇరుసు మధ్య నుంచి సీటు పై భాగం వరకు ఉండవలసిన ఎత్తు. 80 సెంటీమీటర్ల కాలికి అది 70.6 అవుతుంది. నాలుగవ పాఠంలో సీటు బిగించే పని ఆ అంకెతోనే మొదలుపెడదాం.