పునరుత్థాన విశ్వాసం చేతల్లో – మూడో పాఠం: ఆదరణ కూడిక అయిపోయిన ఇంటికి వెళ్లడం

అందరికీ వందనాలు. రెండో పాఠం మొదటి కొరింథీ 15వ అధ్యాయం చివరి వచనం దగ్గర ఆపాం. పౌలు 57 వచనాల పాటు పునరుత్థానం గురించి, అంటే చనిపోయినవాళ్లు తిరిగి లేవడం గురించి వాదించి, 58వ వచనంలో మీ ప్రయాస వ్యర్థం కాదని చెప్పి, ఊపిరి తిప్పుకోకుండా 16వ అధ్యాయం మొదట్లోనే చందా మాట ఎత్తుతాడు, ఎవరికి కలిగినంతలో వాళ్లు ఆదివారం ఆదివారం కొంత పక్కన పెట్టండి, యెరూషలేములో ఉన్నవాళ్లకి పంపుదాం అని. పోయిన వారం ఇంట్లో ఒక డబ్బా పెట్టమన్నది అందుకే. అందులో పడిన చిల్లరతో ఈ వారం పని ఉంది.

మన విశాఖలో ఎవరైనా చనిపోతే మొదటి వారం దేనికీ లోటుండదు. భూస్థాపనకి సంఘమంతా వస్తుంది, ఇంటివాళ్లని ఓదార్చే ఆదరణ కూడికకి షామియానా, కుర్చీలు, మైకు, పాటలు, భోజనాలు. ఆ తర్వాత స్టీల్‌ప్లాంట్ వాళ్లు షిఫ్టుకి, పోర్టు వాళ్లు పోర్టుకి, పిల్లలు కాలేజీకి. మూడో వారానికి ఆ ఇంటి గుమ్మం ఎక్కేవాళ్లు ఉండరు. ఈ పాఠం ఆ మూడో వారం గురించే.

ముందు యోహాను 11 తీసి 17 నుంచి 44 దాకా నెమ్మదిగా చదవండి. లాజరు పోయి నాలుగు రోజులైంది. నీ సహోదరుడు లేస్తాడు అని యేసు అంటే, అంత్యదినాన పునరుత్థానంలో లేస్తాడని తెలుసు ప్రభూ అంటుంది లాజరు తోబుట్టువు మార్త. తప్పేం లేదు, సిద్ధాంతం కరెక్టే, మనందరం ఈస్టర్ తెల్లవారుజామున సమాధుల దగ్గర కొవ్వొత్తులు వెలిగించి చెప్పేది కూడా అదే. కానీ ఆయన ఆ మాటని అంత్యదినం దాకా వాయిదా వెయ్యనివ్వడు, పునరుత్థానాన్నీ జీవాన్నీ నేనే అంటాడు. తర్వాత ఏం జరిగిందో గమనించండి. లేపడం ఆయన చేశాడు. సమాధికి అడ్డంగా ఉన్న రాయి తీయమని అక్కడున్నవాళ్లకి చెప్పాడు, లాజరు బయటికొచ్చాక ఒంటికి చుట్టిన గుడ్డ కట్లు విప్పి పోనివ్వమని కూడా వాళ్లకే చెప్పాడు. అంత చేయగలిగినవాడికి రాయి ఒక లెక్కా? అయినా ఆ పని మనుషులకి వదిలేశాడు. మన వాటాకి వచ్చింది రాయీ, కట్లూ.

ఇంకో సంగతి. లేపబోతున్నానని తెలిసి కూడా ఆయన ఏడ్చాడు, 35వ వచనం. మన కూడికల్లో ఏడుస్తున్నవాళ్లని "అవిశ్వాసుల్లా ఏడవకూడదు" అని కసిరే పెద్దలు ఉంటారు, మొదటి థెస్సలొనీక 4:13 చూపిస్తారు. ఆ వచనం నిరీక్షణ లేనివాళ్లలా దుఃఖపడొద్దంటుంది గానీ దుఃఖమే వద్దనదు. కాబట్టి మీరు వెళ్లిన ఇంట్లో ఎవరైనా ఏడిస్తే ఏడవనివ్వండి.

ఇక అభ్యాసం. రెండు మూడు వారాల కిందట మనిషి పోయిన ఇల్లు ఒకటి ఎంచుకోండి. మీ సంఘం వాళ్లే కానక్కర్లేదు, మీ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ ఇల్లయినా సరే, వాళ్లది ఏ దేవుడైనా సరే. అక్కడ సువార్త చెప్పే ప్రయత్నం మాత్రం వద్దు, గాయం మీద ఉన్నవాళ్లకి కరపత్రం ఇవ్వడం నాకు అస్సలు నచ్చదు. ఒంటరి ఆడమనిషి ఇంటికైతే మగవాళ్లు ఒక్కరే వెళ్లకుండా ఇంటావిడనో చెల్లెలినో తీసుకెళ్లండి, మన వీధుల సంగతి తెలిసిందే కదా. హార్లిక్స్ సీసా వద్దు, కూడిక రోజున వచ్చినవే ఇంకా షెల్ఫులో ఉంటాయి. బియ్యం, కందిపప్పు, నూనె తీసుకెళ్తే మంచిది. "దేవుని చిత్తం", "ఆయనకి విశ్రాంతి దొరికింది" లాంటివి ఈ పూటకి పక్కన పెట్టి, పోయినవాళ్ల పేరు పెట్టి మాట్లాడండి. చాలామంది ఆ పేరు ఎత్తడానికే భయపడతారు, ఇంట్లోవాళ్లేమో ఎవరైనా ఎత్తితే బాగుండునని చూస్తుంటారు.

కాసేపయ్యాక కాగితాల గురించి అడగండి. అదేంటి, ఆత్మీయ పాఠంలో కాగితాలేంటి అనుకోవద్దు, చాలా ఇళ్లలో కట్లు అంటే ఇవే. మరణాన్ని 21 రోజుల్లో నమోదు చేయించాలి, 1969 నాటి చట్టం అది. కేజీహెచ్ లాంటి పెద్ద ప్రభుత్వాసుపత్రిలో పోతే సమాచారం వాళ్లే పంపుతారు, ఇంట్లో పోతే ఇంటివాళ్లే తెలియజేయాలి. గడువు దాటితే ఆలస్య రుసుం, ఏడాది దాటితే మేజిస్ట్రేట్ ఉత్తర్వు దాకా తిరగాలి. మూడో వారం అన్నది ఇందుకు కూడా. సర్టిఫికెట్‌లో పేరు ఆధార్‌లో ఉన్నట్టే పడేలా చూడండి, మనవాళ్లలో సంఘంలో ఒక పేరు, కాగితాల్లో ఒక పేరు ఉన్నవాళ్లు బోలెడుమంది, బ్యాంకు దగ్గర చిక్కంతా అక్కడే వస్తుంది. కాపీలు ఎక్కువే తీయించండి, బ్యాంకుకి, బీమాకి, రేషన్ కార్డుకి అన్నిచోట్లా అడుగుతారు. భర్త పోయిన ఆవిడకి అర్హత ఉంటే వితంతు పెన్షన్‌కి వార్డు సచివాలయంలో అప్లికేషన్ పెట్టాలి, 2024లో అది నెలకి 4,000 రూపాయలు అయింది. ఆవిడని ఒక్కదాన్నే పంపకుండా మీరూ వెళ్లి లైన్లో నిలబడండి. జిరాక్సులకీ ఆటోకీ మీ డబ్బాలో డబ్బులు వాడండి. వద్దంటే బలవంతం చెయ్యకండి, నంబరు ఇచ్చి వచ్చేయండి. ఫొటో తీసి గ్రూపులో పెట్టడం మాత్రం ఏ పరిస్థితుల్లోనూ వద్దు.

చివరిది కాస్త కష్టం, ఎందుకంటే దీనికి డబ్బు ఖర్చవ్వదు, పరువు ఖర్చవుతుంది. భర్త పోయినవాళ్లు ఎదురొస్తే ఆగిపోవడం, పెళ్లిలో వెనక వరసలో కూర్చోమనడం, పెళ్లికూతురికి నలుగు పెట్టేటప్పుడు చూసీ చూడనట్టు పక్కన పెట్టడం ఇవన్నీ క్రైస్తవుల ఇళ్లలోనూ ఉన్నాయి, లేవని ఎవరైనా అంటే నేను నమ్మను. యేసు సమాధి ఖాళీ అయిందని పాడే నోటితో ఒక మనిషిని అశుభం అనలేం. మీ ఇంట్లో జరగబోయే శుభకార్యానికి మొదటి పిలుపు మీరు వెళ్లిన ఇంట్లో భర్త పోయిన ఆవిడకే ఇవ్వండి, నలుగురి ముందు మొదట ఆశీర్వదించమని కూడా ఆవిడనే అడగండి. అత్తగారు, పెద్దనాన్న గొణుగుతారు. వాళ్లతో వాదనకి దిగకుండా, ఇది మా ఇష్టం అత్తయ్యా అని నవ్వేసి పని కానివ్వండి.

ఈ వారం నోట్‌బుక్‌లో మూడే రాయండి: ఎవరింటికి వెళ్లారు, ఏ కాగితం ఎంతవరకు వచ్చింది, మళ్లీ ఎప్పుడు వెళ్తారు. మూడోది ఖాళీగా ఉంటే పాఠం పూర్తి కానట్టే.

నాలుగో పాఠం చేపల వేట నిషేధం మీద. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లు హార్బర్‌లోనే ఉంటాయి, ఈస్టర్ నుంచి పెంతెకొస్తు దాకా ఉండే మన ఈస్టర్ రోజులు చాలావరకు వాటిలోనే పడతాయి. యోహాను 21 చదివి ఉంచండి, లేచిన ప్రభువు ఒడ్డున నిప్పుల మీద చేపలు కాల్చి పెట్టిన అధ్యాయం. ఫిషింగ్ హార్బర్ వైపు తెలిసినవాళ్లుంటే, బోటు మీద కళాసీగా, అంటే కూలీకి వెళ్లేవాళ్లకి ఆ రెండు నెలలు ఇల్లు ఎలా గడుస్తుందో, అప్పు ఎక్కడ తెస్తారో అడిగి రాసుకుని రండి.