లోహపు ఇంప్లాంట్ ఉన్న పేషెంట్ సీటీ స్కాన్ ఇమేజ్‌లో చారలు తగ్గించాలంటే

ముందు లోపల ఉన్నది ఏ లోహమో కనుక్కోండి. టైటానియం అయితే కొంత నయం, అదే స్టీలో కోబాల్ట్-క్రోమో అయితే చారలు గట్టిగానే వస్తాయి. రెండు తుంటి కీళ్లూ మార్చినవాళ్లకి ఆ రెండిటి మధ్య అడ్డంగా ఒక నల్లటి పట్టీ పడుతుంది, బ్లాడర్, ప్రోస్టేట్ దాని కిందే కనపడకుండా పోతాయి. తక్కువ శక్తి ఉన్న కిరణాలు లోహంలోనే ఆగిపోయి, అవతలి డిటెక్టర్లకి చేరే ఫోటాన్లు (ఎక్స్‌రే కణాలు) బాగా తగ్గిపోవడమే దీనికి పెద్ద కారణం.

కాబట్టి అసలు పని స్కాన్‌కి ముందే ఉంది. గొలుసులు, తీయగలిగే పళ్ల సెట్టు, ఈసీజీ వైర్లు దారిలో లేకుండా చూడండి. పళ్లలో ఫిల్లింగులుంటే గ్యాంట్రీని (మెషీన్‌లోని గుండ్రటి భాగాన్ని) టిల్ట్ చేయండి, ఆ సదుపాయం లేకపోతే గడ్డం పైకో కిందకో మార్చి, చూడాల్సిన భాగం లోహం ఉన్న స్లైస్‌లో పడకుండా తప్పించండి. పేస్‌మేకర్ ఈమధ్యే పెట్టి ఉంటే మాత్రం ఆ వైపు చెయ్యి పైకెత్తించే ముందు డాక్టర్ని అడగాల్సిందే.

కేవీపీ (ఎక్స్‌రే ట్యూబ్ వోల్టేజి) 120 నుంచి 140కి పెంచితే తేడా తెలుస్తుంది, కానీ రేడియేషన్ డోసూ పెరుగుతుంది, పిల్లల విషయంలో ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. మెషీన్‌లో డ్యుయల్ ఎనర్జీ (రెండు వేర్వేరు శక్తుల కిరణాలతో స్కాన్ చేసే సదుపాయం) ఉంటే 110 నుంచి 140 కెఈవీ (కిరణాల శక్తి కొలత) మధ్య మోనో ఎనర్జీ ఇమేజ్‌లు, అంటే ఒకే శక్తి కిరణాలతో తీసినట్టు లెక్కగట్టినవి, తీసి చూడండి, చారలు తగ్గుతాయి, కాకపోతే అయోడిన్ కాంట్రాస్ట్ కూడా వెలిసిపోయినట్టవుతుంది. డేటా పల్చటి స్లైసుల్లో తీసుకుని, మెత్తటి కణజాలానికి 2, 3 మిల్లీమీటర్ల మందంతో సాఫ్ట్ కెర్నల్‌లో (ఇమేజ్‌ని నునుపు చేసే ఫిల్టర్‌లో) రీకన్ చేయండి, అంటే ఆ డేటా నుంచి ఇమేజ్‌లు తయారుచేయండి. లోహం పక్కనే ఎముక చూడాలంటే ఎక్స్‌టెండెడ్ సీటీ స్కేల్ ఆన్ చేసి విండో (తెరపై చూపే విలువల పరిధి) బాగా వెడల్పు చేయాలి, మామూలు స్కేల్ 3071 హౌన్స్‌ఫీల్డ్ యూనిట్ల (సీటీలో సాంద్రత కొలత) దగ్గరే ఆగిపోతుంది.

ఇక ఓ-మార్, ఐమార్, సెమార్, స్మార్ట్ మార్ లాంటి, లోహపు చారలు తగ్గించే (మార్) సాఫ్ట్‌వేర్లు. నిజంగా బాగా పనిచేస్తాయి, కానీ గుడ్డిగా నమ్మొద్దు. ఇవి లోహం దగ్గరి డేటాని లెక్కగట్టి నింపుతాయి, దాంతో ఒక్కోసారి ఇంప్లాంట్ అంచున ఎముక అరిగిపోయినట్టు, కీలు వదులైనట్టు లేనిది కనిపిస్తుంది, కొత్త చారలూ పుడతాయి. అందుకే మార్ సిరీస్, మామూలు సిరీస్ రెండూ పేర్లు స్పష్టంగా పెట్టి ప్యాక్స్‌కి (ఇమేజ్‌లు దాచే ఆసుపత్రి సిస్టమ్‌కి) పంపండి, రేడియాలజిస్ట్ పక్కపక్కన పెట్టి చూసుకుంటారు. రా డేటా (స్కాన్‌లో వచ్చిన అసలు కొలతలు) మెషీన్‌లో ఎక్కువ రోజులు ఉండదు, పేషెంట్ వెళ్లిన రోజే రీకన్లన్నీ పూర్తి చేసేయండి, లేదంటే మళ్లీ స్కాన్ చేసి ఆ మనిషికి అనవసరంగా రేడియేషన్ ఇవ్వాల్సి వస్తుంది.