పాత లారీ మరమ్మతు - 6వ పాఠం: ఆయిల్ గేజి ట్యూబు మార్చడం

పోయిన పాఠంలో ఇంజను నూనె ఒత్తిడి చూపే గేజి ముల్లు నిజం చెబుతోందో, అబద్ధం చెబుతోందో పట్టుకోవడం చూశాం. ముల్లు సరిగ్గానే ఉంది, కానీ డ్రైవరు కాళ్ల దగ్గర జిడ్డు చేరుతోందంటే ట్యూబు సంగతి చూడాల్సిందే.

టాటాలు, మెర్సిడెస్ వాళ్లు కలిసి 1954 నుంచి 1969 దాకా బళ్లు చేశారు కదా, ఆ కాలపు లారీల్లో చాలావాటికి గేజి కరెంటుతో నడవదు. ఇంజన్లోని నూనే సన్నటి రాగి ట్యూబులో డ్యాష్‌బోర్డు దాకా వస్తుంది. గేజి లోపల కొడవలిలా వంగిన ఒక గొట్టం ఆ ఒత్తిడికి కాస్త విచ్చుకుని ముల్లును తిప్పుతుంది. అంటే మీ మోకాలి ముందు ఉన్నది ఒత్తిడిలో ఉన్న వేడి నూనె. ట్యూబు తెగి అది మానిఫోల్డ్ (ఇంజను పొగ బయటికి పోయే వేడి గొట్టం) మీద పడితే అంటుకున్నా అంటుకుంటుంది.

నాకు తెలిసొచ్చింది సాలూరు నుంచి జయపురం వస్తూ సుంకి ఘాటీలో. ముల్లు ఒక్కసారిగా సున్నాకు పడిపోయింది, బానెట్ సందుల్లోంచి పొగ. ఆపి చూస్తే ట్యూబు ఇంజను వైపు నట్టు దగ్గర, కత్తితో కోసినట్టు తెగి ఉంది. రెండు నెలల ముందు దాన్ని వేసింది నేనే. చూడ్డానికి నీటుగా ఉంటుందని తీగలా తిన్నగా లాగి బిగించాను. ఇంజను ఊపు వేరు, క్యాబిన్ ఊపు వేరు. మధ్యలో ఉన్న రాగి ఊగీ ఊగీ గట్టిపడి, చివరికి పుటుక్కున విరుగుతుంది. ఆ రోజు ఇంజను వైపు మిగిలిన ముక్కను రెండు మడతలు వేసి, సుత్తితో చదును చేసి, డబ్బాలో ఉన్న నూనె పోసుకుని ఇల్లు చేరాను.

ఇక పని. ఇంజను చల్లారాక మొదలుపెట్టండి. సంపులో (ఇంజను అడుగున నూనె నిలిచే తొట్టిలో) నూనె తీయక్కర్లేదు, కింద గుడ్డ ఉంటే చాలు. గేజి వెనక నట్టు విప్పేటప్పుడు రెండు పానాలు కావాలి: ఒకటి గేజి మొలను (ట్యూబు బిగిసే వెనక భాగాన్ని) కదలకుండా పట్టుకోవడానికి, ఇంకొకటి నట్టు తిప్పడానికి. ఒక్క పానాతో లాగితే మొల తిరిగి లోపలి అతుకు ఊడుతుంది, గేజి కూడా పోతుంది.

పాత ముక్కను, నట్టును జేబులో వేసుకుని కొట్టుకు వెళ్లండి. ట్యూబు బయటి మందం చాలా బళ్లకు 1/8 అంగుళం, అంటే దాదాపు 3.2 మిల్లీమీటర్లు. ఫ్రిజ్ మెకానిక్ దగ్గర దొరికే క్యాపిలరీ అనే సన్న గొట్టం మాత్రం వద్దు. లోపలి రంధ్రం మరీ సన్నం, కోరాపుట్ చలిలో చిక్కటి నూనె అందులో నత్తలా పాకుతుంది. నైలాన్ ట్యూబు మానిఫోల్డ్ వేడికి కరుగుతుంది.

హాక్సాతో కోస్తే మూతి మూసుకుపోతుంది, రజను లోపలికి పోతుంది. కట్టర్ వాడండి, లేదా ఆకురాయితో చుట్టూ గాటు పెట్టి విరిచి, మూతి విప్పి, గాలి కొట్టండి. రాగి బిరుసుగా ఉంటే నీడలో పెట్టి, మసక ఎరుపు వచ్చేదాకా వేడిచేసి నీళ్లలో ముంచండి. ఇనుములా గట్టిపడదు, మెత్తబడుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. ఇంజను దగ్గర ట్యూబును పెద్ద టార్చి సెల్లు చుట్టూ తిప్పి రెండు మూడు చుట్లు వేయండి. ఊపంతా ఆ చుట్లే తీసుకుంటాయి. క్యాబిన్ రేకు దాటేచోట రబ్బరు గ్రోమెట్ (రేకు అంచు ట్యూబును కోయకుండా రంధ్రంలో వేసే వలయం) తప్పనిసరి.

ముందు నట్టు, తర్వాత కొత్త ఫెర్రూల్ (నట్టు బిగిస్తే ట్యూబును నొక్కిపట్టే చిన్న ఉంగరం) ఎక్కించాలి. మా షెడ్డు కుర్రాడు ఇప్పటికీ నట్టు మరిచిపోయి మళ్లీ మొదటికొస్తుంటాడు. ట్యూబును అడుగు తగిలేదాకా దూర్చి, నట్టును చేత్తో బిగించి, ఆపైన పానాతో ఒక చుట్టు, మహా అయితే చుట్టుంపావు. ఇక్కడ మరలకు చుట్టే టేపు చుట్టకండి, ఫెర్రూలే ఆపుతుంది. టేపు అవసరమైతే ట్యూబును ఇంజనుకు కలిపే అడాప్టర్‌లో, ఇంజన్లోకి వెళ్లే, కొసకు సన్నబడే మరకు మాత్రమే, అదీ మొదటి రెండు చుట్లు వదిలి. ఆ అడాప్టర్ రంధ్రం చిన్నదని డ్రిల్లు పెట్టకండి. ట్యూబు తెగిననాడు నూనె ఒక్కసారిగా పోకుండా కాపాడేది ఆ చిన్న రంధ్రమే.

ట్యూబులో గాలి మిగిలిందని కంగారు వద్దు, ముల్లు కాస్త నిదానంగా లేస్తుందంతే. స్టార్ట్ చేసి కొన్ని సెకన్లయినా లేవకపోతే మాత్రం వెంటనే ఆపేయండి. పది కిలోమీటర్లు తిప్పి తెచ్చాక రెండు నట్ల చుట్టూ తెల్ల గుడ్డతో తుడవండి. గుడ్డ తెల్లగా ఉంటే పని అయినట్టే.