మేడ మీద రెయిన్ గేజ్ తక్కువ చూపిస్తే

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మా విశాఖ మీదుగా వెళ్లినప్పటి నుంచి నాకు మబ్బులు, గాలివానల పిచ్చి. మేడ మీద రెయిన్ గేజ్, అంటే ఎంత వాన పడిందో కొలిచే పరికరం, పెట్టుకున్నాను. ఈ వేసవిలో ఈదురుగాలులతో వాన దంచికొట్టినా అది 26 మిల్లీమీటర్లే చూపించింది. పెరట్లో పెట్టిన నిటారు డబ్బాలో మాత్రం 40 ఉంది. చాలా బాధేసింది, అంతకుముందు రాసుకున్న లెక్కలన్నీ తప్పేనా అని.

విప్పి చూస్తే గరాటు కంతలో వేపపూత ముద్దలా ఇరుక్కుని ఉంది. పాత టూత్‌బ్రష్‌తో తీసేశాను. అయినా అనుమానం పోలేదు. నా గేజ్ మూతి వైశాల్యం 200 చదరపు సెంటీమీటర్లు, అంటే మిల్లీమీటరు వానకి 20 మిల్లీలీటర్ల నీళ్లు. సీసా మూతకి సూదితో బెజ్జం పెట్టి 200 మిల్లీలీటర్లు చుక్కలుగా పోశాను. అంటే 10 మిల్లీమీటర్ల వాన అన్నమాట. గరాటు కింద ఉండే చిన్న దొప్ప 0.2 మిల్లీమీటర్ల వాన నీళ్లు నిండినప్పుడల్లా ఒకసారి ఒరుగుతుంది, గేజ్ లెక్కపెట్టేది ఆ ఒరగడాన్నే. ఈ లెక్కన 50 సార్లు ఒరగాలి, 42 సార్లే ఒరిగింది. దొప్ప తక్కువ నీళ్లకే ఒరిగేలా దాని కింది రెండు మరలూ సమానంగా కొంచెం పైకి తిప్పాను. మూడోసారికి 50 వచ్చింది.

అసలు దొంగ పిట్టగోడ. దానికి తగిలి పైకి లేచే గాలి చినుకుల్ని గరాటు దాటించేస్తుంది. అందుకే గేజ్‌ని పెరట్లోకి దించి, అంచు నేల నుంచి 30 సెంటీమీటర్ల ఎత్తులో ఉండేలా, పక్కనున్న గోడ నుంచి దాని ఎత్తుకి రెండింతల దూరంలో పెట్టాను. ఉరుముల్లో మేడెక్కే పనీ తప్పింది, ఇంట్లోవాళ్లకి టెన్షన్ తగ్గింది. మొన్నటి వానకి గేజ్ 18.2, డబ్బా 18.