యిర్గచెఫె కాఫీ: వీ60లో (కాగితం ఫిల్టర్ పెట్టే శంకువు ఆకారపు గరాటులో) వడకట్టే పద్ధతి

దక్షిణ ఇథియోపియాలోని యిర్గచెఫె గింజలు చిన్నవి, గట్టివి. తేలికగా వేయించిన వాష్డ్ రకమైతే (పండు గుజ్జును నీళ్లతో కడిగేసి ఆరబెట్టిన గింజలైతే) మల్లెపూల వాసన, నిమ్మ పులుపు తెలుస్తాయి. పాలు, చికోరీ కలిపితే ఆ రెండూ పోతాయి. అలా తాగాలంటే మన అరకు పొడి చాలు, ఇంత డబ్బు పోయడం దండగ.

వేయించిన తేదీ చూసి కొనండి. 10 నుంచి 14 రోజులు ఆగాక తెరిస్తే మేలు. మరీ తాజా గింజల్లో గ్యాస్ ఎక్కువుండి నీళ్లు సమంగా ఇంకవు.

15 గ్రాముల గింజలకు 250 గ్రాముల నీళ్లు. గింజల్ని బొంబాయి రవ్వంత బరకగా మర పట్టండి. మిక్సీ వద్దు, సగం పిండి, సగం పలుకులు వస్తాయి. కాగితం ఫిల్టర్‌ను వేడినీళ్లతో తడిపి, ఆ నీళ్లు పారబోయండి.

నీళ్లు 94 డిగ్రీలుండాలి. ముందు 45 గ్రాములు పోసి 40 సెకన్లు ఆగండి, పొడి ఉబ్బుతుంది. తర్వాత సన్నని ధారతో, గుండ్రంగా, మొత్తం 150 గ్రాములయ్యే వరకు పోయండి. కాస్త దిగాక మిగతాది. మొత్తం 3 నిమిషాల్లో దిగాలి.

ఇథియోపియా గింజల్లో నుసి ఎక్కువ. అది కాగితాన్ని మూసేస్తే 4 నిమిషాలు దాటి చేదు వస్తుంది. అప్పుడు మరను ఒక గీత బరకకు తిప్పండి, ధారను పొడి కదిలిపోకుండా మెల్లగా పోయండి. నోరు ముడుచుకునే పులుపొస్తే తిరిగి సన్నగా పట్టండి.

అన్నీ సరిగ్గా చేసినా చప్పగా ఉందా? నీళ్లను అనుమానించండి. బోరునీటి ఖనిజాలు పులుపును అణిచేస్తాయి.