వనరాజా కోళ్లను పెరట్లో పెంచే విధానం

హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధనా సంస్థ గుడ్లకూ మాంసానికీ పనికివచ్చేలా రూపొందించిన రకం వనరాజా. రంగురంగుల ఈకలు, పొడవైన బలమైన కాళ్లు, గోధుమరంగు గుడ్లు దీని గుర్తులు. పెరటి మేతతోనే ఏడాదికి సుమారు 100 నుంచి 110 గుడ్లు పెడుతుంది. నాటుకోడి కంటే త్వరగా బరువు పెరుగుతుంది.

అసలు శ్రద్ధంతా మొదటి ఆరు వారాల్లోనే అవసరం. ఒకరోజు వయసున్న కోడిపిల్లలను నేరుగా పెరట్లోకి వదలకుండా, వరిపొట్టు పరిచిన గదిలో బ్రూడర్ దీపం (పిల్లలకు వెచ్చదనమిచ్చే దీపం) కింద ఉంచి, మొదటి వారం సుమారు 35 డిగ్రీల సెల్సియస్ వేడి ఇచ్చి, ఆపై వారానికి రెండు మూడు డిగ్రీల చొప్పున తగ్గించాలి. థర్మామీటర్ ఉన్నా సరే, పిల్లల తీరును గమనించడం మీదే నాకు ఎక్కువ నమ్మకం: దీపం కింద ఒకదానిపై ఒకటి ఎక్కి గట్టిగా అరుస్తుంటే వాటికి చలివేస్తున్నట్టు, నోళ్లు తెరిచి గోడలవైపు జరిగితే వేడి ఎక్కువైనట్టు. మొదటి రోజే మారెక్స్ అనే వైరస్ జబ్బుకు టీకా వేసిన పిల్లలనే కొనాలి. ఏడో రోజు ప్రాంతంలో కొక్కెర తెగులు రాకుండా లసోటా టీకా చుక్కలు వేయడం తప్పనిసరి.

ఆరు వారాలు దాటాక పగలు మేతకు వదిలి, రాత్రి గూట్లో మూయాలి. ఈ కోడి అరుదుగా పొదుగుతుంది. పైగా సంకర రకం కావడం వల్ల దాని పిల్లల్లో ఈ గుణాలు అలాగే నిలవవు కనుక, ప్రతి విడతకూ కొత్త పిల్లలను నమ్మకమైన హేచరీ (గుడ్లను పొదిగించి పిల్లలను అమ్మే కేంద్రం) నుంచి తెచ్చుకోవాలి.